తిరగలి త్రిప్పిన చేతులు

తెలుగుదేశమున మొహర్రము దినములలో పీరుల నెత్తు పల్లెలు అనేకములు గలవు. అక్కడ హిందువులును ముస్లిములును కలిసి గుండము చుట్టు తిరుగుదురు; హసన్, హుస్సేనుల పేర్లు ఎలుగెత్తి పిలుతురు. కాని ఆ అన్నదమ్ముల తల్లియైన ఫాతిమా ఎట్లు జీవించినదో చెప్పుమన్న, చెప్పగలవారు కొలదిమంది. కుమారుల మరణము లోకప్రసిద్ధమగుటచే తల్లి జీవితము మరుగున పడినది.

ఫాతిమా మహమ్మదు ప్రవక్తకును ఖదీజాకును కుమార్తె. ఆమె సుమారు క్రీ. శ. 605లో జన్మించినదని సున్నీలు, 615లో జన్మించినదని షియాలు చెప్పుదురు. బాల్యము మక్కాలో నిందల నడుమ గడచినది. కాబాయొద్ద సాష్టాంగపడి ప్రార్థించుచున్న తండ్రి వీపుపై శత్రువులు ఒంటె ప్రేవులు పడవేయగా, పరుగెత్తి వచ్చి వానిని తొలగించినది ఈ బాలికయే. 619లో తల్లి మరణించెను. 622లో ప్రవక్త మదీనాకు తరలిన పిమ్మట ఆమెయు అక్కడకు చేరెను. 625లో ఉహుద్ యుద్ధమున తండ్రి గాయపడినప్పుడు గాయము కడిగి, నెత్తురు నిలువకుండుట చూచి, చాప ముక్కను కాల్చి ఆ బూడిదను అద్దినదియు ఆమెయే.

సుమారు 624లో అలీతో వివాహమైనది. వరుడు బీదవాడు, తన కవచమును అమ్మి మహరును సమకూర్చెనని చెప్పుదురు. ఇంట దాసి లేదు. తిరగలి త్రిప్పుటచే చేతులు బొబ్బలెక్కగా, ఒక పనిమనిషిని ఇమ్మని తండ్రిని అడుగబోయెను. ప్రవక్త పనిమనిషిని ఇయ్యక, నిద్రించుటకు ముందు దైవమును స్మరించుటకు కొన్ని మాటలు నేర్పిరి. ముస్లిములు ఆ మాటలను నేటికిని జపించుచున్నారు. ఉత్తరాంధ్ర తీరమునుండి సముద్రము దాటి వెళ్లి, అండమానులలోని జంగ్లీఘాటులో కాపురముండు మత్స్యకారుల ఇంటి ఇల్లాలికి ఈ ఘట్టము వ్యాఖ్యానము లేకయే బోధపడును: పాలకుని కుమార్తెకైనను చేతిపని తప్పలేదు.

632లో ప్రవక్త మరణించిరి. మదీనాకు ఉత్తరమున ఫదక్ అను ఖర్జూరవనముల భూమి 628లో యుద్ధము లేకయే వారి వశమైయుండెను. అది తనకు చెందవలెనని ఫాతిమా తొలి ఖలీఫా అబూబక్రును అడిగెను. ప్రవక్తల ఆస్తికి వారసులుండరనియు, వారు విడిచినది దానధర్మములకే చెందుననియు ప్రవక్తయే పలుకగా తాను వింటినని ఆయన బదులిచ్చెను. ఒకవైపు కుమార్తె హక్కు; మరియొకవైపు సమాజపు సొత్తును కాపాడవలసిన పాలకుని బాధ్యత. ఈ ప్రశ్నపై సున్నీ, షియాల అభిప్రాయములు నేటికిని వేరు. ఫాతిమా నొచ్చుకొనెను. ముప్పదియేండ్లు నిండకయే, కొలది మాసములలో, ఆమె మరణించెను. రాత్రివేళ ఖననము చేసిరి. సమాధి ఎచ్చటనో ఏకాభిప్రాయము లేదు. వ్యాజ్యము మాత్రము ఆమెతో ముగియలేదు. దాదాపు రెండు శతాబ్దముల తరువాత అబ్బాసీ ఖలీఫా మామూను ఆ భూమిని ఆమె సంతతికి ఇచ్చెను. ముతవక్కిల్ మరల లాగికొనెను.

సమాధి తెలియని ఆ స్త్రీకి హైదరాబాదులో ఒక గురుతు గలదు. ఆమె మృతదేహమునకు చివరి స్నానము చేయించిన బల్లలోని ఒక ముక్క గోలకొండకు చేరినదనియు, అబ్దుల్లా కుతుబ్ షా (1626–1672) కాలమున ఆయన తల్లి హయాత్ బక్షీ బేగము దానిని పీరుగా నిలిపినదనియు సంప్రదాయము. నేడది దబీర్‌పురాలోని బీబీ కా అలావాలో ఉన్నది. మొహర్రము పదియవనాడు దానిని ఏనుగుపై ఊరేగించి చాదర్‌ఘాటునకు కొనిపోవుట ఆచారము. ఆ కొయ్యముక్క నిజముగా మదీనాదేనా అని చరిత్రకారుడు అడుగవచ్చును; అడుగవలెను కూడ. కాని బాలుడైన కుమారునికై రాజ్యభారము మోసిన ఒక తల్లి, మరియొక తల్లిని తలచి దానిని నిలిపినదని జనులు నమ్ముదురు. కుమారుల పేర్లు పిలుచు జనసమూహము ఆ దినమున తల్లికై దారి విడుచును.