సగటు మనిషి త్రాసులో మన దేహాలు

సన్నని నడుముని పొగిడిన కవుల్ని స్త్రీవాద విమర్శ ఎప్పుడో నిలదీసింది. నా పరిశోధన కూడా ఆ దారిలోనే సాగింది. ఆస్పత్రి గోడ మీది ఎత్తు-బరువు చార్టుని మాత్రం మనం అంతగా ప్రశ్నించలేదు. అంకెకి పక్షపాతం ఏముంటుంది అనుకుంటాం. ఆ అంకె ఎక్కణ్ణించి వచ్చిందో ఒకసారి చూద్దాం.

కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది బీఎంఐ. దీని మూలం బెల్జియం ఖగోళ, గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ క్వెట్లే 1835లో ప్రచురించిన పుస్తకంలో ఉంది. ఎదిగిన మనుషుల బరువు దాదాపు ఎత్తు వర్గానికి అనుగుణంగా ఉంటుందని ఆయన గమనించాడు. ఆయన వెతికింది ‘సగటు మనిషి’ని. ఊబకాయం ఆయన సమస్యే కాదు.

సగటుని ఆదర్శం చేయడంలో వ్యాపారానిదీ పెద్ద పాత్రే. అమెరికాలో మెట్రోపాలిటన్ లైఫ్ బీమా కంపెనీ 1942లో స్త్రీలకీ, 1943లో పురుషులకీ ‘ఆదర్శ’ బరువుల పట్టికలు వేసింది. పాలసీదారుల్లో ఏ బరువువాళ్ళు ఎక్కువకాలం బతికారన్నదే ఆధారం. అలా బీమా కట్టగలిగినవాళ్ళ దేహాలు అందరికీ కొలబద్ద అయ్యాయి. ఒళ్ళుకట్టుని చిన్న, మధ్యస్థ, పెద్ద అని విడదీశారు గానీ ఎవరిది ఏ కట్టో తేల్చే పద్ధతి చెప్పలేదు!

క్వెట్లే సూత్రానికి ‘బాడీ మాస్ ఇండెక్స్’ అని పేరుపెట్టింది 1972లో ఆన్సెల్ కీస్ బృందం. ఐదు దేశాల్లో 7,400 మందికి పైగా మనుషుల కొలతలు పరిశీలించి, మిగతా సూచికలకి ఇది తీసిపోదని తేల్చింది. ఆ మనుషులందరూ పురుషులే. 1985లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు అధిక బరువు హద్దుని పురుషులకి 27.8, స్త్రీలకి 27.3 అన్నాయి. 1998లో ఇద్దరికీ 25 అన్నాయి. ఎవరి ఒంటి మీదా ఒక్క గ్రాము పెరగకుండానే కోట్లమంది ‘అధిక బరువు’ జాబితాలో చేరిపోయారు.

కొవ్వేదో, కండరమేదో ఈ సూచిక చెప్పదు. ఒకే బీఎంఐ ఉన్నా సాధారణంగా పురుషులకంటే స్త్రీల ఒంట్లో కొవ్వు ఎక్కువ. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఫొటోనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. ఆ ఫొటో చూస్తే నాకు మా పిన్ని గుర్తొస్తుంది. చార్టు ప్రకారం ఆమెది ‘నార్మల్’ బరువు. షుగరు బయటపడేదాకా ఆమె నడుము చుట్టుకొలత ఎవరూ చూడలేదు.

బరువు తగ్గే చికిత్సలో ఈ లోపం మరింత ప్రమాదకరం. ఆహార నియమాలతో తగ్గినా, మందులతో తగ్గినా, ఆపరేషన్‌తో తగ్గినా పోయేది కొవ్వొక్కటే కాదు, కండరం కూడా పోతుంది. బరువు మిషను రెంటినీ ‘విజయం’గానే చూపిస్తుంది. మెనోపాజ్ దాటిన స్త్రీకి కండరం పోవడమంటే మెట్లెక్కే శక్తి పోవడం. డెక్సా స్కాన్ కొవ్వునీ, కండరాన్నీ విడదీసి చూపుతుంది గానీ అది అందరికీ అందదు. ఒంట్లోకి చిన్న విద్యుత్తు పంపి కొలిచే మిషన్ల లెక్క ఒంట్లో నీటిని బట్టి మారిపోతుంది.

2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ కూడా బీఎంఐ ఒక్కదానితో ఊబకాయాన్ని నిర్ధారించకూడదంది. కొవ్వుని నేరుగానో, నడుము కొలతతోనో నిర్ధారించుకోవాలనీ, అవయవాల పనితీరు దెబ్బతిన్నదా అన్నది చూడాలనీ చెప్పింది.

నడుము కొలవడానికి టేపు చాలు. కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక, ప్రతిసారీ అదే చోట కొలవాలి. దక్షిణాసియా స్త్రీలకి 80 సెంటీమీటర్లు హద్దు అంటున్నారు. అయితే ఆ టేపు ఎవరి చేతిలో ఉంది, చుట్టూ తెర ఉందా, కొలిచిన అంకెని నలుగురిలో అరిచి చెప్పకుండా ఆమెకి వివరించారా అన్నవి కూడా వైద్యానికి సంబంధించిన ప్రశ్నలే. కొలవొద్దని నేననడం లేదు. మా పిన్నిని సరిగ్గా కొలిచి ఉండాల్సిందంటున్నాను.