నేపుల్సు పండితుడు – పలనాటి పాట

కార్తిక అమావాస్యకు పిడుగురాళ్ల మీదుగా కారెంపూడికి పోవు జనమును శ్రోతలలో చాలమంది చూచియే యుందురు. సున్నపుబట్టీల పనివారును, పత్తిచేల కూలివారును, రైతులును బస్సులలోను కాలినడకను నాగులేటి యొడ్డుకు చేరుదురు. అక్కడ వీరులగుడి యెదుట ఐదు దినములు ఉత్సవము. పంబ మ్రోగును, తిత్తి శ్రుతి పట్టును, చేత కత్తి ధరించి గాయకుడు కథ నెత్తుకొనును. ఆ గాయకులకు వీరవిద్యావంతులని పేరు. తరతరములు బడికి దూరముగ నుంచబడిన మాలలకు లోకమే విద్యావంతులని బిరుదిచ్చినది!

చదువుకొన్నవాడు అక్కడ నిలిచినంతనే ఒక సందేహము పుట్టును. ఇది జరిగిన కథయా, కట్టిన కథయా? బ్రహ్మనాయడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించెనా? కన్నమదాసును కొడుకుగా చేకొనెనా? కళాశాలకు పోయి అడిగినచో ఈ ప్రశ్న ముక్కలగును. చరిత్రశాఖవారు శాసనము చూపుమందురు. తెలుగుశాఖవారు శ్రీనాథుని ద్విపదలో ఛందస్సు చూపుదురు. తత్త్వశాస్త్రశాఖవారు ఇది తమ పాఠము కాదందురు. ఈ మూడు గదులకు నడుమ తలుపు తెరచిన పండితుడొకడు పూర్వము నేపుల్సు విశ్వవిద్యాలయమున నుండెను. వాని మాట చెప్పుటకే ఈ ప్రసంగము.

ఇటలీలో కవిత్వమును తత్త్వమును మొదటినుండి పొరుగిండ్లవియే. 1290లో బియాత్రిసు మరణించిన పిదప ఊరటగోరి బొయేథియసు, సిసెరోల గ్రంథములు చదివితిననియు, మతాశ్రమముల పాఠశాలలకును తత్త్వజ్ఞుల వాదసభలకును పోయితిననియు దాంతే తన ‘కొన్వీవియో’లో వ్రాసికొనెను. ఆ గ్రంథము తన పాటలకు తానే చెప్పిన తాత్త్విక వ్యాఖ్య. అదియు లాటినులో గాక జనుల భాషలో చెప్పినది. శివతత్త్వమును జాను తెనుగున ద్విపదలో చెప్పబూనిన పాల్కురికి సోమనాథుని ఎరిగిన మనకు ఆ సాహసమును వివరింపనక్కరలేదు. 1373లో ఫ్లారెన్సు నగరము బొక్కాచియోకు జీతమిచ్చి దాంతే కావ్యమును ప్రజలకు పాఠము చెప్పించెను.

ఇక మన పండితుడు. జాంబాత్తిస్తా వీకో 1668లో నేపుల్సున ఒక పుస్తకముల వర్తకుని యింట పుట్టెను. 1699లో అక్కడి విశ్వవిద్యాలయమున అలంకారశాస్త్రమునకు ఆచార్యుడయ్యెను. అది తక్కువ జీతము గల పీఠము. ఏటేట చదువులు మొదలగునపుడు విద్యార్థులకు ప్రారంభోపన్యాసము చేయుట వాని విధులలో నొకటి. 1708లో చేసిన ఉపన్యాసము మనవారు నేటికిని చదువదగినది. ఆనాడు దెకార్తు పద్ధతి ప్రబలముగ నుండెను: స్పష్టముగ నిరూపింపరానిదానిని త్రోసివేయుమని పసివారికి మొదటనే నేర్పుచుండిరి. వీకో దానికి అడ్డుచెప్పెను. బాల్యమున జ్ఞాపకము, భావన బలముగ నుండును. వానిని ముందు పెంపొందింపవలెను. విమర్శను ముందే నూరిపోసినచో ఆ రెండును ఎండిపోవునని వాని వాదము. తర్కము వలదనలేదు, దాని వేళకు రమ్మనెను, అంతే.

1723లో న్యాయశాస్త్ర పీఠమునకు పోటీపడి వీకో ఓడిపోయెను. ఆ ఓటమి తెలుగు పాఠకునకు మేలే చేసినదని నేననుకొందును. పదవిపై ఆశ వదలుకొన్న పిమ్మట తన ‘నూతన శాస్త్రము’ను పూర్తిచేసెను. అచ్చునకు సొమ్మిత్తునన్న కార్డినలు వెనుదీయగా, తన వజ్రపుటుంగరము నమ్మి, గ్రంథమును కుదించి, 1725లో ప్రకటించెను. దానిని జీవితాంతము తిరుగవ్రాయుచునే యుండెను. కడపటి కూర్పు వెలువడిన 1744లోనే వాని మరణము.

ఆ కూర్పున మూడవ భాగము నిజమైన హోమరును కనుగొనుటను గూర్చినది. ఆదిమజనులకు మనవంటి నిర్గుణ భావనలు లేవు; వారు న్యాయమును నిర్వచింపలేరు, న్యాయము చేసిన వీరుని చూపగలరు; కావున కవిత్వము వారికి అలంకారము గాదు, ఆలోచించు మార్గము. హోమరనగా ఏకవ్యక్తి గాదు, తమ చరిత్రను తామే పాడుకొనిన గ్రీకుజాతియే అని వీకో సిద్ధాంతము. అందులో హెచ్చుతగ్గులున్నవి, ఒక మహాకవి చేతిపనిని జాతికంతకు పంచియిచ్చుట నాకు పూర్తిగా సమ్మతము గాదు. అయినను ప్రశ్న మారినది. కథ నిజమా అని గాక, ఈ కథలో ఈ జనులు ఏ నిజమును తలచిరి అని అడుగవచ్చును.

వీకోను చాలకాలము లోకము మరచినది. నేపుల్సులోనే దె సాంక్టిస్ చెరసాలలో హెగెలును చదివి, 1870–71లో ఇటలీ సాహిత్యచరిత్రను జాతి మనస్సు చరిత్రగా వ్రాసెను. ఏ విశ్వవిద్యాలయమునను ఉద్యోగము చేయని క్రోచే 1911లో వీకో తత్త్వముపై గ్రంథము ప్రకటించెను. అదే 1911లో మన అక్కిరాజు ఉమాకాంతముగారు శ్రీనాథుని పల్నాటి వీరచరిత్రమును పరిష్కరించి అచ్చువేయించిరి. ఒకరి నొకరెరుగని ఈ రెండు పనులును ఒకే యేట జరుగుట నాకు వేడుకగ నుండును. మూడేండ్లకు కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘కవిత్వతత్త్వవిచారము’ వచ్చినది. కేంబ్రిడ్జిలో చదివివచ్చిన ఆయన కళాపూర్ణోదయమును చేతబట్టి, కవిత్వమున భావనాశక్తి యేమని తత్త్వజ్ఞునివలె అడిగిరి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమోపాధ్యక్షులైనదియు వారే.

ఇప్పుడు కారెంపూడికి మరలుదము. పన్నెండవ శతాబ్దిలో చాపకూడు జరిగినదని చూపు శాసనము లేకున్నను, ఊరి బావివద్దకు రానీయబడనివారు అట్టి పంక్తిని తలచి, దానిని ఒక వీరుని పేర నిలిపి, వందల యేండ్లు పాడిరి. ఆ తలపు కల్ల గాదు. సమత్వమను నామవాచకము లేనిచోట చాపయే ఆ మాట. అట్లని పాటలోనిదంతయు మన్నింపనక్కరలేదు. నాయకురాలు నాగమ్మను కుట్రకు మూలముగ నిలిపిన చోట, మంత్రాంగము చేయు స్త్రీని చూచి ఆ సమాజము పడిన భయము కూడ వినబడుచున్నది. ఆ భయమును సైతము విద్యార్థికి చూపవలెను. ఛందస్సుతో దానిని కప్పరాదు.

ఉత్సవమున మూడవనాడు మందపోరు. ఆనాడు నాగులేటి చెంత చాపలు పరతురు, వచ్చినవారు వచ్చినట్లు కూర్చుందురు, వడ్డన మొదలగును.