వంటమనిషి చెయ్యి

పాతకాలపు కాఫీ హోటళ్ళలో గోడమీద ఒక బోర్డు వేలాడుతూ ఉండేది: 'ప్లేట్లలో చేతులు కడగరాదు' అని. దాని పక్కనే 'అరువు రేపు'. రెండూ మనకే, తినేవాళ్ళకే. లోపల పొయ్యి దగ్గర నిలబడి చట్నీ కలిపే మహానుభావుడు చేతులు కడుక్కున్నాడా లేదా అని అడిగే బోర్డు మాత్రం ఎక్కడా కనిపించేది కాదు. అడగడం మర్యాద కాదనుకున్నాం కాబోలు. వంట బాగుంటే 'ఆవిడ చేతిలో ఏదో ఉంది' అని మెచ్చుకుంటాం. నిజంగానే ఏదో ఉంటే?

ఆ ప్రశ్న వేసుకోక తప్పని పరిస్థితి 1906లో న్యూయార్కు వాళ్ళకి వచ్చింది. ఆ వేసవిలో వారెన్ అనే బ్యాంకరు, లాంగ్ ఐలండ్‌లోని ఆయిస్టర్ బే అనే ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకుని కుటుంబంతో దిగాడు. నౌకర్లతో కలిపి ఇంట్లో 11 మంది. ఆగస్టు ఆఖరు వారంలో మొదలుపెట్టి ఒకరి తర్వాత ఒకరు ఆరుగురు టైఫాయిడ్‌తో మంచమెక్కారు. అప్పట్లో టైఫాయిడ్ అంటే మురికివాడల జబ్బని పెద్దింటివాళ్ళ నమ్మకం. వారెన్ సంగతి సరే, ఇంటి యజమానికి గుండెల్లో రాయి పడింది. 'జ్వరాల కొంప' అని పేరు పడితే మళ్ళీ అద్దెకెవరొస్తారు? నీళ్ళు పరీక్ష చేయించారు, పాలు చూశారు, దొడ్లు చూశారు. ఏమీ తేలలేదు. చివరికి జార్జ్ సోపర్ అనే శానిటరీ ఇంజనీరుని పిలిపించారు.

ఈ సోపర్ అచ్చం డిటెక్టివ్ నవలల్లో మనిషి. ముందు ఊళ్ళో అమ్మే ఆల్చిప్పల మాంసాన్ని అనుమానించాడు. అది తిన్న మిగతా ఊరంతా నిక్షేపంగా ఉంది కనక దాన్ని వదిలేశాడు. తర్వాత తెలిసిన సంగతి: ఆగస్టు 4న ఆ ఇంట్లో వంటమనిషి మారింది. మూడువారాలకి జ్వరాలు మొదలయ్యాయి. జ్వరాలు వచ్చిన కొన్నాళ్ళకే ఆ వంటమనిషి మానేసి వెళ్ళిపోయింది. పేరు మేరీ మాలన్. ఐర్లండు నుంచి చిన్నప్పుడే వలస వచ్చింది.

అయితే ఒక చిక్కు. వంటలో ఉడికిన పదార్థంలో క్రిములు బతకవు కదా! దానికీ జవాబు దొరికింది. ఆదివారాలు మేరీ ఒక ప్రత్యేకమైన ఐస్‌క్రీమ్ చేసేది. పచ్చి పీచ్ పళ్ళు చేత్తో కోసి అందులో కలిపేది. నిప్పు తగలని వంట అన్నమాట.

సోపర్ ఆమె పాత కొలువులన్నీ తవ్వాడు. ఎనిమిది ఇళ్ళలో ఏడింట టైఫాయిడ్ వచ్చింది. తిన్నగా ఆమె వంటింట్లోకే వెళ్ళి, మీ మలమూత్రాలు, నెత్తురు పరీక్షకి ఇవ్వండని అడిగాడు. మర్యాదగానే అడిగానని తర్వాత రాసుకున్నాడు. ఎంత మర్యాదగా అడిగితే మాత్రం! మేరీ మాంసం కోసేటప్పుడు వాడే పెద్ద ఫోర్కు పుచ్చుకుని వెంటపడింది. మన అప్పడాల కర్ర జోకుల్లో లేని పదును దానికుంది.

1907 మార్చిలో జోసెఫీన్ బేకర్ అనే డాక్టరమ్మ పోలీసుల్ని వెంటేసుకొచ్చింది. గంటల తరబడి వెతికాక ఒక అర తలుపు సందులో చిక్కుకున్న గుడ్డ పీలిక మేరీని పట్టించింది. ఆసుపత్రి చేరేదాకా అంబులెన్సులో ఆమె మీద కూర్చోవలసి వచ్చిందిట బేకర్‌కి. నార్త్ బ్రదర్ అనే చిన్న లంకలో ఆమెని ఒంటరిగా ఉంచి, 163 సార్లు మలపరీక్ష చేస్తే 120 సార్లు క్రిములు కనిపించాయి. ఆమెకి మాత్రం ఒంట్లో నలతైనా లేదు. జ్వరం తగ్గినా, అసలు తెలియకుండానే వచ్చి పోయినా, క్రిములు కొందరి పిత్తాశయంలో కాపరం పెట్టేస్తాయి. ఇలాంటి వాళ్ళుంటారని జర్మనీలో రాబర్ట్ కాక్ 1902లోనే చెప్పాడు. కానీ పుస్తకంలో ఉన్న మాట ఒక పనిమనిషికి ఎలా నమ్మకం కలిగిస్తుంది? 'నాకు జన్మలో టైఫాయిడ్ రాలేదు, నన్నెందుకు బంధించారు?' అన్నదే ఆమె వాదన. 1909లో కోర్టుకెక్కింది, ఓడిపోయింది.

మరుసటి ఏడు కొత్తగా వచ్చిన ఆరోగ్యాధికారి జాలిపడ్డాడు. ఇంక వంట చెయ్యనని ప్రమాణం చేయించి వదిలేశాడు. బట్టలుతికే పనిలో చేరింది. అందులో జీతం వంటకొచ్చేదాంట్లో ఎంతో తక్కువ. కొన్నాళ్ళకి మనిషి మాయమైంది. 1915లో న్యూయార్కులో ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి టైఫాయిడ్ వచ్చి ఇద్దరు పోయారు. వంటగదిలో చూస్తే 'మిసెస్ బ్రౌన్' పేరుతో మన మేరీయే! మళ్ళీ అదే లంక. 1938 నవంబరు 11న పోయేదాకా అక్కడే. రెండు విడతలూ కలిపితే 26 ఏళ్ళు.

మొదటిసారి ఆమెకి జరిగింది అన్యాయమేనని నేననుకుంటాను. రెండోసారి ఆమెని సమర్థించడానికి నోరు రాదు, పురిటి మంచాల మీదున్న వాళ్ళకి వండింది మరి. అయినా ఒక సంగతి గొంతులో ముల్లులా ఉండిపోతుంది. ఆమె పోయేనాటికి ఆ నగరంలో ఇలాంటి రోగవాహకులు నాలుగువందల మందికి పైగా అధికారుల లెక్కలో ఉన్నారు. వాళ్ళలో ఇంకెవర్నీ యావజ్జీవం లంకలో పెట్టలేదు. 1924లో ఒక రెస్టారెంటు యజమాని, రోగవాహకుడని తెలిసినవాడే, వంటింట్లో పట్టుబడ్డాడు. జడ్జిగారు శిక్ష నిలిపేసి, ఇకమీదట వ్యాపారం టెలిఫోను మీద చూసుకోమన్నారుట! మేరీకి టెలిఫోను మీద చూసుకునే వ్యాపారం ఎక్కడిది? మొగుడు లేడు, సొంతిల్లు లేదు, పైగా నోరు పెద్దది.

మన దేశంలో 1955 జూన్ నుంచి అమలైన ఆహార కల్తీ నిరోధక చట్టానికి, పేరులోనే ఉంది కదా, ధ్యాసంతా కల్తీ మీదే. మిరియాల్లో బొప్పాయి గింజలు, కారంలో ఇటికపొడి. శుభ్రత మాటా అందులో లేకపోలేదు గానీ, వంటమనిషి చెయ్యి మీద గట్టిగా దృష్టి పడింది మాత్రం 2006 చట్టం వచ్చి, 2011లో దాని నిబంధనలు అమలయ్యాకే. తిండి పదార్థాలు ముట్టుకునేవాళ్ళకి ఏడాదికోసారి డాక్టరు పరీక్ష జరగాలి, టైఫాయిడ్ జాతి జబ్బులకి టీకా పడాలి. తోపుడుబండికైనా రిజిస్ట్రేషను ఉండాలి.

మా వీధి చివర బజ్జీల బండి అతనికి ఈమధ్య చేతులకి ప్లాస్టిక్ తొడుగులొచ్చాయి. సంతోషించి ఒక ప్లేటు పెట్టమన్నాను. ఉల్లిపాయలు కలిపి, నిమ్మకాయ పిండి ఇచ్చాడు. నేనిచ్చిన నోటు ఆ తొడుగు చేత్తోనే అందుకుని, వేలు తడిచేసుకుని, చిల్లర లెక్కపెట్టి, మళ్ళీ ఉల్లిపాయల్లో చెయ్యి పెట్టాడు.