మరచిపోయే మంత్రాలు

కంప్యూటరు ఆటలలోని మాంత్రికులందరూ ఒకే కోవకు చెందినవారు కారు. వారి శక్తికి మూలమేదన్న ప్రశ్న నుండే ఆ భేదాలు పుట్టాయి.

1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్‌లు రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' బల్లపై ఆడే ఆట. తొలినాళ్లలో అందులో మాంత్రికుడు గ్రంథం చూచి మంత్రాన్ని ధారణ చేసేవాడు. ప్రయోగించిన మరుక్షణమే మరచిపోయేవాడు. ఈ నియమానికి ఆధారం జాక్ వాన్స్ 1950లో వెలువరించిన 'ది డైయింగ్ ఎర్త్' కథలు. మన కర్ణునికి శాపమైనది అక్కడ నియమమైంది! అర్చకునికి మాత్రం శక్తి దైవదత్తం.

1981 నాటి 'విజర్డ్రీ' ఈ ఇరువురినీ కంప్యూటరు తెర మీదికి తెచ్చింది. 1987లో జపానులో వెలువడిన 'ఫైనల్ ఫాంటసీ' వారికి రంగులద్దింది: తెల్ల మాంత్రికుడు గాయాలు మాన్పుతాడు, నల్ల మాంత్రికుడు నిప్పులు కురిపిస్తాడు, ఎర్ర మాంత్రికునికి రెండు విద్యలూ కొంతవరకే వస్తాయి.

2000లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' మూడవ కూర్పులో 'సార్సరర్' చేరాడు. అదే ఏట 'బాల్డర్స్ గేట్' రెండవ భాగంలోనూ కనిపించాడు. ఇతనిది జన్మసిద్ధమైన శక్తి; గ్రంథంతో పనిలేదు.

అభ్యాసం, అనుగ్రహం, ప్రతిభ: మన ఆలంకారికులు కవిత్వానికి హేతువులేవని తర్కించినదీ ఇంచుమించు ఇదే కదా! అయితే ఆట తీర్పు గమనింపదగినది. పుట్టుకతో శక్తి వచ్చినవాడు ఎక్కువసార్లు ప్రయోగించగలడు, కాని అతనికి తెలిసిన మంత్రాలు కొన్నే. చదివినవాని గ్రంథంలో మాత్రం ఎప్పుడూ మరొక పుటకు చోటుంటుంది.