ఇంట్లో లైసెన్స్ రివాల్వర్: ఎవరి చేతికి ఏ తూటా సరిపోతుంది?

హోసూరు, కోలారు, బళ్లారి, బరంపురం, షోలాపూర్ వైపు తరతరాలుగా స్థిరపడ్డ మన కుటుంబాల్లో లైసెన్స్ తుపాకీ ఉన్న ఇళ్లు కొన్ని ఉన్నాయి. ఊరికి దూరంగా తోటలో ఇల్లు ఉండటమో, నగల వ్యాపారమో, మిల్లు డబ్బుతో రాత్రిపూట ప్రయాణాలో అందుకు కారణం. అలాంటి ఇళ్లలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: ఇంటి పెద్ద ఊళ్లో లేనప్పుడు అమ్మో, కోడలో, వయసు మళ్లిన తాతో పేల్చాల్సి వస్తే తక్కువగా తన్నే తూటా ఏది?

జవాబు క్లుప్తంగా ముందే చెబుతాం. మన దేశంలో మామూలు లైసెన్స్ మీద దొరికే .32 బోర్ తూటా చాలామంది చేతులకు భరించగలిగినదే. ఆ పైన తన్నును తగ్గించేవి తుపాకీ బరువు, సరైన పట్టు, సాధన. అయితే వీటన్నిటికంటే ముందు చూడాల్సింది లైసెన్స్ ఎవరి పేరు మీద ఉందన్నది.

లైసెన్స్ మనిషికి, ఇంటికి కాదు

1959 ఆయుధాల చట్టం 3వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేనివారు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండకూడదు. భర్త లైసెన్స్ భార్యకు వర్తించదు, తండ్రిది కొడుక్కి వర్తించదు. లైసెన్స్‌దారు ఎదుట గానీ, ఆయన రాతపూర్వక అనుమతితో గానీ రిపేరుకో, రెన్యువల్‌కో, ఆయన వాడకం కోసమో తుపాకీని మోసుకెళ్లడానికి మాత్రం చట్టం వీలిచ్చింది. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకుంటే 2 నుంచి 5 ఏళ్ల జైలు, జరిమానా. నిషేధిత బోర్ అయితే శిక్ష ఇంకా ఎక్కువ.

కాబట్టి ఇంట్లో మరొకరు కూడా వాడాల్సిన అవసరం నిజంగా ఉంటే, వారు సొంతంగా దరఖాస్తు చేసుకోవాలి. 21 ఏళ్లు నిండాలి. జిల్లా మేజిస్ట్రేట్‌కు, పెద్ద నగరాల్లో పోలీస్ కమిషనర్‌కు దరఖాస్తు పెట్టాలి. పోలీసు విచారణ ఉంటుంది. తుపాకీని సురక్షితంగా వాడటంలో శిక్షణ కూడా తీసుకోవాలి. ఒకరి పేరు మీద గరిష్ఠంగా రెండు తుపాకులే ఉండవచ్చు. లైసెన్స్ కాలం 5 ఏళ్లు.

పెద్దాయన చనిపోతే తుపాకీని బీరువాలోనే ఉంచేసి తర్వాత చూద్దామనుకోవడం ప్రమాదం. ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ అప్పగించాలి. ఆ తర్వాత వారసులు తమ పేరు మీద లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. లైసెన్స్‌దారుకు 70 ఏళ్లు వచ్చినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, ఆయన బతికుండగానే ఒక వారసుడిని ఎంపిక చేసి బదిలీ కోరే వీలును 2016 ఆయుధాల నియమాలు ఇచ్చాయి.

దొరికే తూటాలు ఇవీ

9 ఎం.ఎం. బోర్ మన దగ్గర నిషేధిత బోర్. సామాన్యులకు మిగిలేది ప్రధానంగా .32, ఆపైన .22. రెండు రకాల తూటాలను మనం '.32' అనే పిలుస్తాం. అవి ఒకటి కావు.

మొదటిది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్లలో పడేది ఇదే. సాధారణంగా సీసపు గుండు బరువు 98 గ్రెయిన్లు, అంటే 6.3 గ్రాములు. వేగం సెకనుకు సుమారు 220 మీటర్లు.

రెండోది .32 ఏసీపీ. ఇషాపూర్ ఫ్యాక్టరీ 'అశని' వంటి పిస్టళ్లలో వాడేది. గుండు 71 గ్రెయిన్లు, అంటే 4.6 గ్రాములు. వేగం సుమారు 275 మీటర్లు.

పిస్టల్ తూటా కొన్ని రివాల్వర్ల సిలిండర్‌లో దూరిపోతుంది. దూరింది కదా అని పేల్చకూడదు. .32 ఏసీపీ లోపలి పీడనం .32 లాంగ్ కంటే ఎక్కువ, పాత రివాల్వర్ తట్టుకోలేకపోవచ్చు. బ్యారెల్ మీద రాసి ఉన్న పేరు, డబ్బా మీద ఉన్న పేరు ఒకటేనా అని ప్రతిసారీ చూడండి. తాతల నాటి విదేశీ రివాల్వర్ అయితే ముందు ఆర్మరర్‌కు చూపించండి.

తన్ను ఎక్కడి నుంచి వస్తుంది?

గుండు బరువును వేగంతో గుణిస్తే అది ముందుకు వెళ్లే బలం ఎంతో అంచనా వస్తుంది. తుపాకీ అంతే బలంతో వెనక్కి వస్తుంది. పైన చెప్పిన రెండు .32 తూటాలకు ఈ లెక్క 1.3, 1.4 దగ్గర తేలుతుంది. మామూలు 9 ఎం.ఎం. తూటాకు 2.6 దాటుతుంది. అంటే .32 తన్ను దాదాపు సగం.

ఇక తుపాకీ బరువు. 2014లో మార్కెట్లోకి వచ్చిన 'నిర్భీక్' రివాల్వర్‌ను మహిళల కోసమని ప్రచారం చేశారు. బరువు సుమారు 500 గ్రాములు. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడానికి ఆ తేలిక బాగుంటుంది. పేల్చేటప్పుడు అదే ఇబ్బంది. ఒకే తూటాను 700 గ్రాముల రివాల్వర్‌లో, 500 గ్రాముల రివాల్వర్‌లో పేలిస్తే, రెండోది వెనక్కి వచ్చే శక్తి 1.4 రెట్లు. ఆడవాళ్లకు తేలికది కొనాలన్న మాట వినడానికి సబబుగా ఉన్నా, ఇంట్లోనే ఉంచే తుపాకీకి కాస్త బరువైనదే చేతికి సుఖం.

ఎవరి చేతికి ఏది?

వేళ్లలో బలం తక్కువైనా, కీళ్ల నొప్పులున్నా పిస్టల్ స్లైడ్‌ను వెనక్కి లాగడం కష్టమవుతుంది. మణికట్టు గట్టిగా నిలపకపోతే పిస్టల్ మధ్యలో ఇరుక్కుపోయే అవకాశం కూడా ఉంది. అలాంటివారికి రివాల్వర్ నయం. అయితే రివాల్వర్ ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది, వేలికి అందుతుందో లేదో కొనేముందు ఖాళీ తుపాకీతో డీలర్ దగ్గరే చూసుకోవాలి. పిడి చేతినిండా పట్టాలి. చిటికెన వేలు గాల్లో ఉంటే తన్ను ఎక్కువగా తెలుస్తుంది.

.22 తన్ను ఇంకా తక్కువ. నేర్చుకోవడానికి బాగుంటుంది. దాని దెబ్బ బలం కూడా తక్కువే, పైగా అంచుమీద మందు ఉండే ఆ తూటాలు పేలకుండా మిగిలిపోవడం కొంచెం ఎక్కువ.

తూటా సరిపోయిందో లేదో తేల్చేది రేంజ్. 7 మీటర్ల దూరంలో అన్నం పళ్లెమంత గుర్తు పెట్టి, చెవులకు, కళ్లకు రక్షణతో ఐదు గుళ్లు నిదానంగా పేల్చమనండి. ఐదూ పళ్లెంలో పడి, చివరిదాకా చెయ్యి వణకకపోతే ఆ జోడీ సరైనదే. పేలకముందే కళ్లు మూసుకుంటున్నా, మణికట్టు నొప్పి పుడుతున్నా వేరేది చూడాలి.

అమెరికా సలహాలు ఇక్కడ పనికిరావు

అక్కడున్న పిల్లలు పంపే వీడియోల్లో 9 ఎం.ఎం., .380, హాలో పాయింట్ తూటాల గురించి ఉంటుంది. ఆ మార్కెట్ వేరు, చట్టం వేరు. మన పిల్లలకూ ఒక హెచ్చరిక: హెచ్‌-1బి, ఎఫ్‌-1 వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు, వేట లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులు లేకపోతే, తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చూడటానికి వెళ్లిన తల్లిదండ్రులకూ ఇదే వర్తిస్తుంది.

కొన్నాక గుర్తుంచుకోవాల్సినవి

ఎన్ని తూటాలు ఒకసారి ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది. బిల్లులు దాచండి. ఖాళీ కార్ట్రిజ్‌లు పారేయకండి, కొన్నిచోట్ల చూపమంటారు. పచ్చగా చిలుము పట్టిన పాత తూటాలు వాడకండి.

ఏరియా వ్యాలిడిటీ చూసుకోండి. కర్ణాటక వరకే అని ఉంటే అనంతపురంలో పెళ్లికి వెంట తీసుకెళ్లకూడదు. పెళ్లిలో గాల్లోకి పేల్చి ఇతరులను ప్రమాదంలో పడేస్తే 2 ఏళ్ల వరకు జైలు గానీ, లక్ష వరకు జరిమానా గానీ, రెండూ గానీ. విమానం ఎక్కేముందు బ్యాగు మూలల్లో తూటా మిగిలిపోలేదని చూసుకోండి, ఒక్కటి దొరికినా కేసే.

తుపాకీ ఒక తాళంలో, తూటాలు మరో తాళంలో, తాళంచెవి లైసెన్స్‌దారు దగ్గర ఉండాలి. ఇంట్లో చిన్నపిల్లలున్నా, తాగుడు అలవాటున్నా, ఎవరైనా తీవ్రమైన మనోవేదనలో ఉన్నా తుపాకీని కొంతకాలం డీలర్ దగ్గర డిపాజిట్ చేయడమే మేలు. దొంగ వచ్చే రోజు రావచ్చు, రాకపోవచ్చు. ఇంట్లోవాళ్లు మాత్రం రోజూ ఆ బీరువా పక్కనే తిరుగుతుంటారు.