రంగు పోయిన తుపాకి

సాలూరు అనగానే ఎవరికైనా ముందు లారీలే గుర్తుకు వస్తాయి. వేగావతి ఒడ్డున, ఒడిశా కొండలకు దారి తీసే ఈ ఊళ్లో పాత లారీకి కొత్త బాడీ కట్టి, రంగులు వేసి, పెళ్లికొడుకులా ముస్తాబు చేసి రోడ్డెక్కిస్తారు. లారీ విషయంలో అది న్యాయమే. తిరిగి బరువు మోసి బతకవలసిన వస్తువు అది. అయితే పాతబడిన ప్రతి వస్తువుకూ ఇదే న్యాయం చెల్లుతుందా? ఈ ప్రశ్న నన్ను జమీందారీల నాటి వేట తుపాకుల దగ్గరకు తీసుకుపోయింది.

సాలూరు, బొబ్బిలి, కురుపాం, పాచిపెంట అన్నీ ఒకప్పటి జమీందారీలే. బ్రిటిషు కాలంలో మన దేశపు సంపన్నుల చేతికి వచ్చిన జోడు గొట్టాల తుపాకులలో మేలైనవి లండన్, బర్మింగ్‌హామ్ నగరాలలో తయారయ్యేవి. వాటిని అమ్మే మాంటన్, రోడా వంటి పేరున్న దుకాణాలు కలకత్తాలో ఉండేవి. 1878 ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోవడం సామాన్యునికి నేరమైంది. గోడకు వేలాడే తుపాకి అప్పటినుండి వేట సామగ్రి మాత్రమే కాదు, హోదాకు గుర్తు కూడా.

ఆనాటి మేలైన తుపాకిని చేతిలోకి తీసుకుంటే, గొట్టాలు వచ్చి అతుక్కునే ఇనుప దిమ్మె మీద నీలం, గోధుమ, ఎండుగడ్డి రంగులు మేఘాల్లా కలిసిపోయి కనిపిస్తాయి. చూసినవారు అది పూత అనుకుంటారు. కాదు. ఆ దిమ్మె మెత్తని ఇనుముతో చేసినది. చెక్కడానికి మెత్తదనం కావాలి, అరగకుండా ఉండడానికి గట్టిదనం కావాలి. ఈ రెండింటినీ కుదిర్చే ఉపాయమే కేస్ హార్డెనింగ్. చెక్కడం పని పూర్తయిన దిమ్మెను ఎముకల బొగ్గు, కర్రబొగ్గు కూరిన ఇనుప పెట్టెలో పెట్టి, గాలి చొరకుండా మూసి, ఎర్రగా కాలేదాకా కొలిమిలో గంటల తరబడి ఉంచేవారు. బొగ్గులోని కర్బనం ఇనుము పైపొరలోకి ఇంకేది. తరువాత ఒక్క ఉదుటున నీటిలో గుమ్మరించేవారు. పైపొర గాజులా గట్టిపడేది, లోపల మెత్తగానే ఉండేది. ఆ క్షణంలో ఏర్పడిన అతి పలుచని ఆక్సైడు పొరే ఈ రంగులకు కారణం.

మనవారికి ఈ విద్య పూర్తిగా కొత్తదేమీ కాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో ఇనుమును కర్బనంతో కలిపి ఉక్కు చేసేవారు, దానికోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అక్కడ కర్బనం లోహమంతటా వ్యాపించేది, ఇక్కడ పైపొరకే పరిమితం. తేడా అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ రంగులు శాశ్వతం కావు. అరచేతి చెమట, రాపిడి, ఎండ, అతిగా తుడవడం వాటిని క్రమంగా తీసివేస్తాయి. బూడిద రంగు లోహం మిగులుతుంది. కాని రంగు పోయినంత మాత్రాన గట్టిదనం పోదు. ఈ ఒక్క సంగతి తెలియకనే చాలామంది పాత తుపాకికి మెరుగు పెట్టించబోయి పాడుచేస్తారు. గ్యాసు మంటతో కాల్చి రంగులు తెప్పిస్తే చూపుకు బాగానే ఉంటుంది, కాని ఆ వేడికి పైపొర గట్టిదనమే సడలిపోతుంది. ఆమ్లాలతో రప్పించిన రంగు ఒట్టి వేషం. పాత పద్ధతిలోనే ఎముకల బొగ్గులో మళ్లీ కాల్చి చల్లార్చవచ్చు. కాని అప్పుడు దిమ్మె వంకర పోయే ప్రమాదముంది, కర్రతో అతుకు కుదరకపోవచ్చు. అంతకుముందు మెరుగు పట్టడంలో చెక్కడపు గీతలు, తయారీదారు ముద్రలు అరిగిపోతాయి. ఇంతా చేసి వచ్చేది కొత్త రంగే గాని, నూరేళ్ల కిందటి రంగు కాదు.

పైగా అరిగిన చోటు కూడా ఒక సాక్ష్యమే. ఏ చేయి ఎక్కడ పట్టుకున్నదో, ఎంతగా వాడారో అది చెబుతుంది. మన ప్రాంతంలో తుపాకి అంటే వేట ఒక్కటే కాదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి పట్టుకుపోయినవి తుపాకులే. 1967 అక్టోబరు 31న పార్వతీపురం ప్రాంతంలోని లేవిడి వద్ద గిరిజన సభకు వెళుతున్న కోరన్న, మంగన్నలను బలిగొన్నదీ భూస్వాముల తుపాకే. ఇటువంటి నేలమీద పాత ఆయుధాన్ని కొత్తదానిలా మెరిపించి అందమైన బొమ్మగా గోడకు తగిలిస్తే, ఆ మెరుపులో మరుగున పడేది ఇనుము మీది గీతలు మాత్రమే కావు.

1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేటుల రద్దు చట్టం చేసింది. జమీందారీలు పోయాయి, వస్తువులు మిగిలాయి. ఎవరింటనైనా అటువంటి తుపాకి ఉంటే చేయవలసినది కొంచెమే. చట్టం ప్రకారం దాని లెక్క సరిచూసుకోవాలి. తుపాకి మరమ్మతుకు కూడా లైసెన్సు ఉన్నవారే అర్హులు. తుప్పు పెరగకుండా పలుచగా నూనె గాని మైనం గాని రాసి, తేమ తగలని చోట ఉంచాలి. మిగిలిన కాస్త రంగును ఉన్నదున్నట్టు ఉండనివ్వాలి.

లారీకి కొత్త రంగు వేయండి, తప్పులేదు. దానికింకా ప్రయాణం ఉంది. తుపాకి ప్రయాణం ముగిసింది. అది ఇక చేయవలసిన పని ఒక్కటే, జరిగినది చెప్పడం. దాని నోరు మనం మూయకూడదు.