సరిహద్దు నాణెము

బోనకల్లు నిజాము రాజ్యపు టంచుననున్న గ్రామము. ఇచ్చట హాలీ సిక్కా చెల్లెడిది. హద్దు దాటి కృష్ణా జిల్లాకు పోయినచో ఇంగ్లీషువారి కల్దారు. నూరు కల్దారులకు నూటపదునారు పైచిలుకు హాలీలు. కారణము వెండియే. 1940కి ముందటి కల్దారు తూకము 11.66 గ్రాములు, అందు వెండి నూటికి 92 పాళ్లు; హాలీ 11.18 గ్రాములు, వెండి 82 పాళ్లు.

హాలీపై చార్మినారు, దాని ద్వారమున ప్రభువు పేరిటి తొలి యక్షరము: మహబూబు అలీఖానునకు మీమ్, 1911లో గద్దెనెక్కిన ఉస్మాను అలీఖానునకు ఐన్. ఉస్మాను తొలి రూపాయలపై ఐన్ కుఱుచగా నుండెను. పిమ్మట నిండుగా వేసిరి. సేకర్తలు భూతద్దముతో వెదకునది ఆ కుఱుచ యక్షరమునే.

రోము నగరమందలి పోపుగారి వాటికన్ రాజ్యము 2002లో యూరో నాణెములు వేయించినపుడు, ఏటికి 6,70,000 యూరోల విలువకు మించరాదని ఒప్పందము. అవి అంగడి మొగము చూడకయే సేకర్తల పెట్టెలు చేరెను. 2010 మొదలు సగమునకు పైగా ముఖవిలువకే చలామణిలో పెట్టవలెనను నియమము వచ్చినది. మన హాలీ కథ వేఱు. అది కొఱతగా వేసినది కాదు, ఎల్లరి చేతులలో నలిగినది. 1959 నాటికి దాని చలామణి ఉడిగెను. కంసాలి మూస కాచుకొనియే యుండెను గదా! రూపాయల దండలందు నేటికిని కొన్ని కానవచ్చును. కాని కొక్కెమతికిన నాణెమును సేకర్త పుచ్చుకొనడు.